ఐడ్లింగులో ఇంజను ఆగిపోవడం

ఐడ్లింగులో ఇంజను ఆగిపోవడం అనేది, యాక్సిలరేటరు ఇచ్చినంతసేపూ బాగానే నడిచే ఇంజను, దానిని వదలగానే గానీ, వదిలిన కొద్దిసేపటికి గానీ తనంతట తాను ఆగిపోయే లోపము. బరువు ఏమీ లాగకుండా, గేరు న్యూట్రల్‌లో ఉండగా ఇంజను తన కనిష్ఠ వేగంతో తిరుగుతూ ఉండటాన్ని ఐడ్లింగు అంటారు. తెలుగునాట మెకానిక్కులు దీనినే "స్లో" అని వ్యవహరిస్తారు. "బండి స్లోలో నిలబడటం లేదు" అన్నప్పుడు వారు చెప్పేది ఈ లోపము గురించే.

జ్వరము వలె ఇది ఒక లక్షణము మాత్రమే. దీని వెనుక పెట్రోలులో నీరు మొదలుకొని వాల్వుల అరుగుదల వరకు అనేక కారణాలు ఉండవచ్చు. వీటిలో ఎక్కువ భాగము శుభ్రపరచడం వలన, సరిచేయడం వలన పోయేవే. అయినప్పటికీ కార్బురేటరు మొత్తము, ఆ తరువాత కాయిలు, ఆ తరువాత సీడీఐ యూనిట్టు వరుసగా మార్పించి, చివరకు ఒక చిన్న జెట్టులో నలుసు ఉందని తెలుసుకున్న వాహనదారులు తక్కువ కాదు. ఆటో నడుపుకొనేవారికి, మోటారు సైకిలు మీద సరుకు అమ్ముకొనేవారికి ఇది కొన్ని రోజుల సంపాదన. రైల్వే గేటు మీద, జాతీయ రహదారి కూడలిలో బండి ఆగిపోతే ప్రాణాపాయము కూడా. అందువలన ఖర్చులేని పరిశీలన ముందు, ఖర్చుతో కూడినది చివర అనే క్రమము పాటించడం మేలు.

ఐడ్లింగులోనే ఎందుకు ఆగుతుంది

మన దేశంలో విరివిగా వాడే 100 సీసీ నాలుగు స్ట్రోకుల మోటారు సైకిళ్ళకు ఐడ్లింగు వేగము సాధారణంగా నిమిషానికి 1400 చుట్ల దరిదాపుల్లో ఉంటుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి మాత్రమే పెట్రోలు మండుతుంది కనుక, నిమిషానికి 700 సార్లు, అంటే సెకనుకు సుమారు 12 సార్లు శక్తి పుడుతుంది. ఒక మంటకు, తరువాతి మంటకు నడుమ ఇంజనును తిప్పేది ఫ్లైవీలులో నిలువ ఉన్న చలనశక్తి ఒక్కటే.

యాక్సిలరేటరు వదిలినప్పుడు థ్రాటిలు దాదాపు మూసుకొని ఉంటుంది. సిలిండరులోకి వచ్చే కొత్త మిశ్రమము చాలా తక్కువ. అంతకు ముందు మండిన పొగలో కొంత భాగము బయటకు పోకుండా దానితో కలిసిపోతుంది. ఈ పలచని మిశ్రమము నెమ్మదిగా మండుతుంది. పుట్టిన శక్తి అంతా ఇంజను తన లోపలి రాపిడిని తట్టుకోవడానికే సరిపోతుంది, మిగులు ఉండదు. నెల జీతము నెల ఖర్చుకు సరిగ్గా సరిపోయే సంసారము వంటిది ఇది. చిన్న ఖర్చు అదనంగా వచ్చినా తట్టుకోలేదు. వేగము పెంచినప్పుడు గాలి, పెట్రోలు సమృద్ధిగా అందుతాయి కనుక అదే లోపము కనిపించకుండా మరుగున పడుతుంది.

సిలిండర్ల సంఖ్యను బట్టి కూడా తేడా ఉంటుంది. 1983 నుండి 2014 వరకు తయారైన మారుతి 800 కారులో మూడు సిలిండర్లు ఉన్నాయి. అది 800 చుట్లతో తిరుగుతున్నప్పుడు నిమిషానికి 1200 సార్లు మంట పుడుతుంది. ఒక సిలిండరు తప్పినా మిగిలిన రెండూ లాగుతాయి కనుక అటువంటి ఇంజను ఆగేముందు వణుకుతుంది, అంటే ముందుగా హెచ్చరిస్తుంది. ఒకే సిలిండరు ఉన్న మోటారు సైకిలుకు ఆ అవకాశము లేదు.

కార్బురేటరు పాత్ర

పెట్రోలును గాలితో తగు పాళ్ళలో కలిపే పరికరము కార్బురేటరు. ఈ రంగంలో తొలి పేటెంట్లలో ఒకటి 1893లో హంగరీ దేశానికి చెందిన దోనాత్ బాంకి, యానోష్ చోంకాలది. భారతదేశంలో 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాలలో దీని స్థానాన్ని ఫ్యూయల్ ఇంజెక్షను దాదాపు పూర్తిగా ఆక్రమించింది. కానీ అంతకు ముందు అమ్ముడైన బండ్లు గ్రామాలలో ఇంకా పెద్ద సంఖ్యలో తిరుగుతున్నాయి.

కార్బురేటరు అడుగున ఉండే ఫ్లోటు గిన్నెలో పెట్రోలు ఒక స్థాయిలో నిలువ ఉంటుంది. వేగంగా నడిచేటప్పుడు మెయిన్ జెట్టు గుండా, ఐడ్లింగులో పైలట్ జెట్టు (స్లో జెట్టు) గుండా అది పైకి లాగబడుతుంది. పైలట్ జెట్టు రంధ్రము మిల్లీమీటరులో సగము కూడా ఉండదు. గిన్నెలో ఎండిన పెట్రోలు జిగురు, తుప్పు రజను, ఇసుక రేణువు వంటివి ముందుగా అడ్డుపడేది ఇక్కడే. "రేజు చేస్తే బాగానే ఉంది, వదిలితే ఆగిపోతోంది" అన్న ఫిర్యాదులో మొదట అనుమానించవలసిన భాగము ఈ జెట్టు.

లోపాన్ని గుర్తించే క్రమము

పనిముట్టు చేతపట్టే ముందు కొన్ని ప్రశ్నలకు సమాధానము రాబట్టాలి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఆగుతోందా, వేడెక్కిన తరువాతనా? వదలగానే ఆగుతోందా, నిమిషము తరువాతనా? న్యూట్రల్‌లోనా, క్లచ్ పట్టి గేరులో ఉంచినప్పుడు మాత్రమేనా? చివరి పరిస్థితిలో మాత్రమే ఆగుతుంటే లోపము కార్బురేటరులో కాక క్లచ్చి పూర్తిగా విడవకపోవడంలో ఉండవచ్చు. క్లచ్ కేబులు సర్దడానికి ఖర్చు లేదు. వానలో తడిసినప్పుడు మాత్రమే ఆగుతుంటే ప్లగ్గు క్యాపు, హైటెన్షన్ వైరు చూడాలి. ఈ ప్రశ్నలకు వాహనదారుడే సరిగా జవాబు చెప్పగలడు కనుక, బండిని మెకానిక్కుకు అప్పగించి వెళ్ళిపోవడం కంటె పక్కన నిలబడి చెప్పడం వలన చాలా డబ్బు మిగులుతుంది.

లోపమే కానిదాన్ని లోపమనుకోవడం కూడా జరుగుతుంది. హీరో సంస్థ కొన్ని నమూనాలలో "ఐ3ఎస్" పేరుతో ఒక ఏర్పాటు పెట్టింది. బండి న్యూట్రల్‌లో కొద్ది సెకన్లు నిలిస్తే పెట్రోలు ఆదా కోసం ఇంజను దానంతట అదే ఆగి, క్లచ్ నొక్కగానే తిరిగి మొదలవుతుంది. పాత బండి అలవాటైనవారు దీనిని చూసి కంగారు పడతారు. అలాగే సైడు స్టాండు స్విచ్చి ఉన్న బండ్లలో స్టాండు సరిగా పైకి లేవకపోతే గేరు వేయగానే ఇంజను ఆగుతుంది.

ఆ తరువాత చోకు తీసి ఉందో లేదో, ఐడ్లింగు స్క్రూ వదులై వేగము పడిపోయిందో చూడాలి. ఇంజను బాగా వేడెక్కాక ఆ స్క్రూను కొద్దిగా బిగించి చూస్తే, వేగము సరిపడా పెరిగి నిలబడితే పని అయినట్లే. అయితే పదే పదే బిగించవలసి వస్తుంటే అసలు లోపాన్ని కప్పిపుచ్చుతున్నట్లు లెక్క.

పెట్రోలు: కార్బురేటరు అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి, గిన్నెలోని పెట్రోలును ఒక గాజు సీసాలోకి పట్టాలి. నీరు పెట్రోలు కంటె బరువైనది కనుక అడుగున గుండ్లు గుండ్లుగా చేరుతుంది. ఎర్రని మడ్డి ఉంటే ట్యాంకు తుప్పు పట్టినట్లు. ప్రస్తుతము విక్రయిస్తున్న పెట్రోలులో 20 శాతము వరకు ఇథనాలు కలుస్తోంది. ఇథనాలు కొంత నీటిని తనలో కలుపుకుంటుంది. ఆ హద్దు దాటితే నీరు, ఇథనాలు కలిసి ఒక పొరగా విడిపోయి ట్యాంకు అడుగుకు దిగుతాయి. పెట్రోలు కాకు తీసుకునేది ఆ అడుగు నుండే కావడంతో నెలల తరబడి కదలని బండి మొదటి రోజే మొరాయిస్తుంది. పాత బండ్లలో ట్యాంకు మూతకు ఉన్న గాలి రంధ్రము పూడిపోతే ఇంజను కొన్ని నిమిషాలు నడిచి ఆగుతుంది. మూత తెరవగానే "ఉస్సు" మని గాలి లోపలికి పోయే చప్పుడు దీనికి గుర్తు.

స్పార్కు ప్లగ్గు: దీనిని విప్పి చూడటం వలన ఇంజను లోపలి స్థితి తెలుస్తుంది. కొన లేత గోధుమరంగులో ఉంటే మిశ్రమము సరిగా ఉన్నట్లు. పొడి మసి నల్లగా పేరుకుంటే పెట్రోలు ఎక్కువైనట్లు, లేదా ఎయిర్ ఫిల్టరు పూడినట్లు. తెల్లగా కాలినట్లుంటే గాలి ఎక్కువైనట్లు. నూనె జిడ్డు ఉంటే రింగులు, లేదా వాల్వు సీళ్ళు అరిగినట్లు. ప్లగ్గు మొనల మధ్య ఖాళీ తయారీదారు చెప్పిన కొలతలో ఉండాలి. ఇది సాధారణంగా 0.6 నుండి 0.9 మి.మీ. మధ్య ఉంటుంది. మసిని పాత టూత్ బ్రష్షుతో తీయవచ్చు. కొత్త సాధారణ ప్లగ్గు చవకైన వస్తువే కనుక అనుమానముంటే మార్చడంలో నష్టము లేదు, పాతది మంచిదైతే డిక్కీలో దాచుకోవచ్చు.

స్లో జెట్టు: గిన్నె విప్పి, ఇత్తడి జెట్టును సరైన స్క్రూడ్రైవరుతో తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడాలి. గుండ్రని వెలుగు చుక్క కనిపించాలి. పూడిపోయి ఉంటే కార్బురేటరు క్లీనరులోనో, శుభ్రమైన పెట్రోలులోనో నానబెట్టి, పంక్చరు షాపు గాలితో ఊదాలి. క్లచ్ వైరు పోగు, గుండుసూది వంటి వాటితో పొడవడం మన వైపు సర్వసాధారణమైనా చాలా తప్పు. ఇత్తడి మెత్తని లోహము, ఉక్కు మొనకు రంధ్రము పెద్దదైతే ఆ బండి అప్పటినుండి పెట్రోలు తాగుతూనే ఉంటుంది. చేపల వలకు వాడే సన్నని నైలాను పోగు ఈ పనికి బాగా ఉపయోగిస్తుంది.

మిశ్రమాన్ని సరిచేసే చిన్న స్క్రూ కార్బురేటరు పక్కన ఉంటుంది. కొన్నిటిలో ఇది గాలిని, కొన్నిటిలో పెట్రోలు మిశ్రమాన్ని నియంత్రిస్తుంది కాబట్టి ఏ వైపు తిప్పితే ఏమవుతుందో బండిని బట్టి మారుతుంది. దీనిని కదిపే ముందు ఎన్ని చుట్లు తెరచి ఉందో లెక్కించి రాసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త లేకపోవడం వలన చిన్న లోపము పెద్దదైన సందర్భాలు ఎన్నో. కాలుష్య తనిఖీలో పెట్రోలు బండి పొగను ఐడ్లింగులో కొలుస్తారు. ఈ స్క్రూను ఇష్టమొచ్చినట్లు తిప్పిన బండి ఆ పరీక్షలో తప్పవచ్చు.

గాలి లీకు: కార్బురేటరుకు, ఇంజనుకు మధ్య ఉన్న రబ్బరు గొట్టము పగిలినా, ఓ-రింగు గట్టిపడినా లెక్కకు రాని గాలి లోపలికి చొరబడుతుంది. ఐడ్లింగులో ఇంజను చూషణ బలము ఎక్కువ, తీసుకునే గాలి తక్కువ. కాబట్టి లీకు ప్రభావము అప్పుడే ఎక్కువగా ఉంటుంది. యాక్సిలరేటరు వదిలినా వేగము వెంటనే దిగకపోవడం, దిగాక పైకీ కిందికీ ఊగి ఆగిపోవడం దీని లక్షణాలు. పెట్రోలు గానీ, మండే స్ప్రేలు గానీ చల్లి పరీక్షించడం కొందరికి అలవాటు, కానీ వేడి సైలెన్సరు పక్కన అది నిప్పుతో చెలగాటము. చేతి స్ప్రే సీసాతో ఆ అతుకుల మీద కొద్దిగా నీరు చల్లితే చాలు. చప్పుడులో మార్పు వస్తే లీకు అక్కడే.

వాల్వుల సందు: ఇంజను చల్లగా ఉన్నప్పుడు బాగుండి, పది కిలోమీటర్లు నడిచాక ఆగిపోతుంటే ఇది చూడాలి. ఎగ్జాస్టు వాల్వు కాలక్రమంలో తన పీటలోకి దిగిపోయి, రాకరుతో ఉండవలసిన సన్నని సందు తగ్గిపోతుంది. వేడికి లోహము వ్యాకోచించగానే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషను జారిపోతుంది. ఈ సందు చిన్న మోటారు సైకిళ్ళలో మి.మీ.లో పదోవంతుకు అటూ ఇటుగా ఉంటుంది. దీనిని పూర్తిగా చల్లారిన ఇంజను మీద, ఫ్లైవీలు మీది "టి" గుర్తును ఎదురుగా తెచ్చి, కంప్రెషను స్ట్రోకులో ఫీలర్ గేజితో కొలవాలి. గేజి ఒకసారి కొంటే ఏళ్ళ తరబడి వస్తుంది. దీని సంగతి పట్టించుకోకుండా కార్బురేటరు మార్పించడం ఈ లోపములో జరిగే అత్యంత ఖరీదైన పొరపాటు. అలాగే వదిలేస్తే వాల్వు కాలి హెడ్డు పని పడుతుంది.

ఫ్యూయల్ ఇంజెక్షను బండ్లు

వీటిలో స్లో జెట్టు లేదు. థ్రాటిలు పళ్ళెము చుట్టూ మసి పేరుకోవడం, ఐడ్లింగు గాలిని నియంత్రించే వాల్వు అంటుకుపోవడం, బ్యాటరీ నీరసించడం, పెట్రోలు పంపు పీడనము తగ్గడం ముఖ్య కారణాలు. కిక్కు కొడితే బ్యాటరీ లేకున్నా నడిచే అనేక పాత కార్బురేటరు బండ్ల అలవాటుతో, ఈ బండ్లలో బ్యాటరీని నిర్లక్ష్యము చేయరాదు. మల్టీమీటరుతో వోల్టేజి చూడటం, టెర్మినళ్ళు గీకి బిగించడం మొదటి పని.

మీటరులో ఇంజను గుర్తు దీపము వెలుగుతుంటే కంప్యూటరు ఏదో నమోదు చేసినట్లు. కొన్ని మోటారు సైకిళ్ళలో ఆ దీపము ఆరుతూ వెలిగే లెక్కను బట్టి లోపము సంఖ్య తెలుస్తుంది. 2013 తరువాత తయారైన కార్లలో ఓబీడీ-2 పోర్టు ఉంటుంది. చవకైన బ్లూటూత్ అడాప్టరుతో చరవాణిలోనే కోడు చదవవచ్చు. కోడు ఫలానా సెన్సరు పేరు చెప్పినంత మాత్రాన ఆ సెన్సరే చెడిందని అర్థము కాదు. ఉదాహరణకు మిశ్రమము పలచనైందని ఆక్సిజన్ సెన్సరు చెబితే, అది తన పని సక్రమంగా చేస్తూ ఉండవచ్చు. తప్పు పగిలిన గొట్టముది. ఐడ్లింగులో కంప్యూటరు అదనపు పెట్రోలు ఇస్తూ, వేగము పెంచగానే ఆ అదనము తగ్గుతుంటే గాలి లీకును అనుమానించాలి.

డీజిల్ ఇంజన్లు

డీజిల్ ఇంజనుకు స్పార్కు లేదు, పాతవాటిలో గాలిని అడ్డే థ్రాటిలూ లేదు. అందువలన పైన చెప్పిన గాలి లీకు వీటికి వర్తించదు. ఇక్కడ ప్రమాదము డీజిల్ గొట్టములోకి చొరబడే గాలి. ట్యాంకుకు, పంపుకు మధ్య ఒక వాషరు అరిగినా బుడగలు చేరి ఇంజను ఐడ్లింగులో తడబడి ఆగుతుంది. ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి, చేతి పంపుతో నురుగు లేని డీజిల్ వచ్చే వరకు కొట్టి బిగించడం దీనికి పరిష్కారము. రెండు రోజులకే మళ్ళీ గాలి పడితే లీకు ఇంకా ఉన్నట్లే. ఫిల్టరు అడుగున నీటిని తీసే మర ఉంటే దానిని తరచు వదలాలి.

కామవరపుకోట, కొల్లేరు ప్రాంతాల పరిస్థితి

కామవరపుకోట ఏలూరు జిల్లాలో ఒక మండల కేంద్రము. 2022 ఏప్రిల్ 4 వరకు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్న జీలకర్రగూడెం ఈ మండలములోనిదే. ఇది మెట్ట ప్రాంతము. ఇదే జిల్లాలో దక్షిణాన కొల్లేరు సరస్సు, దాని చుట్టూ లంక గ్రామాలు, చేపల చెరువులు ఉన్నాయి. ఒకే జిల్లాలో ఒకే నమూనా బండికి రెండు రకాల జబ్బులు రావడానికి ఈ భూస్వరూపమే కారణము.

మెట్టలో శత్రువు దుమ్ము. పామాయిలు తోటలకు, మొక్కజొన్న చేలకు పోయే ఎర్రమట్టి బాటలలో ట్రాక్టరు వెనుక నడిచే మోటారు సైకిలు ఎయిర్ ఫిల్టరు, తారు రోడ్డు బండి ఫిల్టరు కంటె చాలా ముందుగా పూడుతుంది. ఫిల్టరు పూడితే మిశ్రమములో పెట్రోలు పాలు పెరిగి ప్లగ్గు మసిబారుతుంది. నురగ ఫిల్టరును సబ్బు నీటిలో ఉతికి, ఆరబెట్టి, కొద్దిగా ఇంజను నూనె అద్ది పిండి తిరిగి పెట్టవచ్చు. కాగితపు ఫిల్టరును మాత్రం ఉతకకూడదు. ఫిల్టరు తీసేసి నడిపితే బండి తేలికగా పోతున్నట్లు అనిపిస్తుంది గానీ, ఆ ఇసుక సిలిండరును గీకివేస్తుంది. పెట్రోలు బంకు దూరమైన ఊళ్ళలో కిరాణా కొట్ల వద్ద సీసాలలో పోసి అమ్మే పెట్రోలు మరొక సమస్య. ఏ సీసాలో అంతకు ముందు ఏమున్నదో తెలియదు. తప్పనిసరి అయినప్పుడు పలుచని గుడ్డ వేసి వడగట్టినా నలుసులు ఆగుతాయి గానీ నీరు పూర్తిగా ఆగదు.

కొల్లేరు వైపు శత్రువు నీరు. సరస్సులో 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించారు. 2002లో ఇది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ఇక్కడ గట్ల మీద ప్రయాణము, తేమ గాలి నిత్యము. ట్యాంకు సగము ఖాళీగా ఉంచి ఆరుబయట పెట్టిన బండిలో, శీతకాలపు మంచు రాత్రులలో లోపలి గోడలకు తేమ పట్టి చుక్కలై దిగుతుంది. వరద వచ్చినప్పుడు సంగతి వేరు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకు చేరి లంక గ్రామాల దారులు మునిగాయి. అటువంటి నీటిలో మునిగిన బండిని, ఎంత తొందర ఉన్నా, నేరుగా స్టార్టు చేయరాదు. ప్లగ్గు విప్పి సిలిండరులోని నీరు బయటకు పోనిచ్చి, ఇంజను నూనె పాలరంగుకు తిరిగిందేమో చూసి, గిన్నె, ఫిల్టరు పెట్టె శుభ్రము చేసిన తరువాతనే కిక్కు కొట్టాలి. నీరు గాలి వలె కుదించుకోదు కనుక కనెక్టింగ్ రాడ్డు వంగిపోయే ప్రమాదముంది.

రోహిణి కార్తె ఎండలలో రెండు ప్రాంతాలకూ ఒక ఇబ్బంది ఉమ్మడి. ఎండలో నిలిపిన కార్బురేటరు బండిలో గిన్నెలోని పెట్రోలు తేలిక భాగము మరిగి ఆవిరై, ఇంజను ఐడ్లింగులో ఉక్కిరిబిక్కిరవుతుంది. నీడన పావుగంట చల్లారితే సర్దుకొనే ఈ తాత్కాలిక లక్షణానికి ఏ భాగమూ మార్చనవసరము లేదు.

జాగ్రత్తలు

ఐడ్లింగు సరిచేయాలంటే ఇంజనును చాలాసేపు నడుపుతూ ఉండాలి. మూసిన గదిలో, రేకుల షెడ్డులో తలుపులు వేసి ఈ పని చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగు, వాసన లేవు; తలనొప్పి, మగత తెలిసేసరికి మనిషి లేవలేని స్థితికి చేరవచ్చు. స్పార్కు పరీక్షించేటప్పుడు ప్లగ్గును సిలిండరు రంధ్రానికి దూరంగా హెడ్డుకు ఆనించి, రబ్బరు క్యాపును మాత్రమే పట్టుకోవాలి. కాయిలు నుండి వచ్చేది వేల వోల్టులు. గిన్నె నుండి తీసిన పెట్రోలును మూత గట్టిగా బిగించిన సీసాలో దూరంగా పెట్టిన తరువాతనే ఈ పరీక్ష మొదలుపెట్టాలి.